కారు కట్టేశారు సరే... నంబరు ఎవరిస్తారు?

యూట్యూబ్‌లో మీరూ చూసే ఉంటారు. అమెరికాలో ఒకాయన ఇంటి గ్యారేజీలో రెండేళ్లపాటు శని, ఆదివారాలు కూర్చుని స్పోర్ట్స్ కారు కట్టుకుంటాడు. నీలం రంగు, మధ్యలో రెండు తెల్ల చారలు. పెట్టెల్లో వచ్చిన విడిభాగాలు, పాత మస్టాంగ్ నుంచి ఊడదీసిన ఇంజిన్, మోచేతుల దాకా గ్రీజు. చివరి వీడియోలో కారు స్టార్టవుతుంది, వీధిలో పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ ఆ వీడియోలో చూపించని పని ఒకటుంది. ఆ కారుకి ఫ్యాక్టరీ లేదు, షోరూమ్ లేదు, పుట్టిన తేదీ కూడా లేదు. మరి దాని వెనకాల నంబరు ప్లేట్ ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా రెండు రకాల వాళ్లు అడుగుతుంటారు. మొదటి రకం, ఎంఎస్ చేసి అక్కడే ఉద్యోగంలో స్థిరపడి, ఈమధ్యే గ్యారేజీ ఉన్న ఇల్లు కొనుక్కున్న మన సీనియర్లు. రెండో రకం, ఇక్కడ మెకానికల్ చదువుతూ, కాలేజీలో బాహా బగ్గీ కట్టి, ‘ఇదే పని రోడ్డు కారుకి చేస్తే?’ అని ఆలోచిస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేను. కానీ రెండుచోట్లా ఆఫీసు కౌంటర్ వెనక కూర్చున్న మనిషి అడిగేది ఒక్కటే: ఈ బండికి జవాబుదారీ ఎవరు?

వెయ్యి అసలు, మిగతావన్నీ కవలలు

ముందు ఆ నీలం కారు సంగతి. 1962లో క్యారల్ షెల్బీ అనే అమెరికన్ రేసర్, బ్రిటన్‌లోని ఏసీ కార్స్ తయారుచేసే తేలికపాటి కారులో ఫోర్డ్ వీ8 ఇంజిన్ కూర్చోబెట్టాడు. అదే షెల్బీ కోబ్రా. 1960ల్లో తయారైనవి మొత్తం సుమారు వెయ్యి. 2016లో మొట్టమొదటి కోబ్రా వేలానికొస్తే కోటీ 37 లక్షల డాలర్లు దాటి పలికింది. మనలాంటివాళ్లు కొనగలిగే సరుకు కాదు. అందుకే నకళ్లు. మసాచుసెట్స్‌లోని ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్ అనే కంపెనీ 1995 నుంచి ఇలాంటి కిట్లు అమ్ముతోంది. పేరు మీద హక్కులు వేరేవాళ్లవి కాబట్టి తన కిట్‌ని కోబ్రా అనదు, రోడ్‌స్టర్ అంటుంది. 

కిట్‌లో ఉక్కు గొట్టాల ఫ్రేమ్, ఫైబర్ బాడీ, సస్పెన్షన్ లాంటివి వస్తాయి. ఇంజిన్, గేర్‌బాక్స్ మీరు తెచ్చుకోవాలి. చాలామంది పాత మస్టాంగ్ ఒకటి కొని దాన్ని విప్పుతారు. దాన్నే డోనర్ అంటారు. ఇంజిన్ ఇవ్వకపోవడం కేవలం ధర తగ్గించే ఎత్తు అనుకోకండి. ఇంజిన్ లేని పెట్టె చట్టం దృష్టిలో మోటారు వాహనం కాదు. కాబట్టి కిట్ అమ్మిన కంపెనీ ‘కారు తయారీదారు’ కాదు. మరి తయారీదారు ఎవరు? స్పానర్ పట్టుకున్న మీరే. కాగితాల మీద కూడా మీరే. తలనొప్పి అంతా అక్కడి నుంచే.

ఇంకో సంగతి. మనకి ఆర్‌సీ ఒక్కటే అన్నీ. అమెరికాలో కాగితాలు రెండు. ‘టైటిల్’ అంటే బండి మీది అని చెప్పే పత్రం, ఇంటికి దస్తావేజు ఉన్నట్టు. ‘రిజిస్ట్రేషన్’ అంటే దాన్ని రోడ్డు మీద తిప్పడానికి అనుమతి, ఎప్పటికప్పుడు ఫీజు కట్టి కొనసాగించుకోవాలి. రెండూ ఇచ్చేది రాష్ట్రమే. కేంద్ర భద్రతా ప్రమాణాలు ప్రధానంగా కంపెనీల మెడకి. ఒక మనిషి తనకోసం కట్టుకున్న కారు వ్యవహారం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకుంటుంది. టెక్సస్‌లో స్నేహితుడికి జరిగినట్టే కాలిఫోర్నియాలో మీకు జరుగుతుందని లెక్కలేసుకుంటే దెబ్బతింటారు.

రసీదులే జాతకం

రాష్ట్రం వివరాలు ఎన్ని మార్చినా అనుమానాలు మాత్రం ఇవే. ఇందులో దొంగ సామాను ఉందా? ఇది ఏ సంవత్సరం కారు? దీని బ్రేకులు పడతాయా?

మొదటిదానికి జవాబు రసీదులు. కిట్ కంపెనీ ఇచ్చే మూల ధ్రువపత్రం, ఇంజిన్ ఎవరి దగ్గర కొన్నారో ఆ బిల్లు, డోనర్ కారు టైటిల్, గేర్‌బాక్స్ రసీదు... అన్నీ చూపించాలి. పన్ను కట్టారా లేదా అన్నదీ వీటి నుంచే తేలుస్తారు. పాత సామాను దుకాణంలో నగదు ఇచ్చి ఇంజిన్ తెచ్చుకుని, బిల్లు అడగడానికి మొహమాటపడితే, రెండేళ్ల తర్వాత ఆ మొహమాటమే బండిని గ్యారేజీలో కూర్చోబెడుతుంది. ఆ ఇంజిన్ మీద ఉన్న నంబరు ఎక్కడో చోరీ ఫిర్యాదులో ఉంటే ఇక చెప్పేదేముంది.

కాగితాలు సరిపోయాక అధికారి వచ్చి, లేదా మీరే బండిని ట్రైలర్ మీద తీసుకెళ్లి చూపిస్తే, భాగాల మీది నంబర్లు సరిపోల్చుతారు. కాలిఫోర్నియాలో ఈ పని హైవే పెట్రోల్ పోలీసులు చేస్తారు. ఫ్యాక్టరీ కారుకి 17 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య పుట్టుకతోనే వస్తుంది. ఇంట్లో కట్టిన కారుకి చాలాచోట్ల రాష్ట్రమే కొత్తగా ఒక సంఖ్య కేటాయించి, ఆ ప్లేట్‌ని బండికి బిగిస్తుంది. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చుతుంది. ‘నీకు తల్లిదండ్రులెవరో ఫ్యాక్టరీ చెప్పలేదు కాబట్టి ఇక మేం చెబుతాం’ అన్నట్టు ఉంటుంది.

ఈ కారు వయసెంత?

అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇది. 1965 నాటి రూపం, 1990ల ఇంజిన్, నిన్న వేసిన రంగు. వయసెంత? ఇది తాత్విక ప్రశ్న కాదు, డబ్బుల ప్రశ్న. ఏ సంవత్సరం అని రాస్తే ఆ సంవత్సరపు పొగ నిబంధనలు వర్తిస్తాయి. ఈరోజు తయారైన కారు అని రాస్తే ఈరోజు ప్రమాణాలు అందుకోవాలి. ఇంట్లో కూర్చుని ఒక్కడు అది సాధించడం దాదాపు అయ్యే పని కాదు.

కాలిఫోర్నియా దీనికి ఒక దారి కనిపెట్టింది. ఎస్‌బీ 100 అనే చట్టం కింద ‘ప్రత్యేకంగా నిర్మించిన వాహనాల’కి ఏడాదికి 500 ధ్రువపత్రాలు ఇస్తారు. ముందొచ్చినవాళ్లకి ముందు. అది దొరికితే, పొగ పరీక్షకి ఇంజిన్ సంవత్సరం లెక్కలోకి తీసుకోవాలా, బాడీ ఏ సంవత్సరం కారుని పోలి ఉందో ఆ సంవత్సరమా అన్నది యజమానే ఎంచుకోవచ్చు. ప్రత్యేకంగా నియమించిన రెఫరీ బండిని చూసి ఖాయం చేస్తాడు. 1975, అంతకుముందు మోడళ్లకు ఆ రాష్ట్రంలో పొగ పరీక్షే లేదు. కాబట్టి 1965 కోబ్రా రూపంలో ఉన్న బండి ఆ గండం దాటేస్తుంది. మరి ఏ పాత కారునీ పోలని సొంత డిజైన్ అయితే? దాన్ని 1960 మోడల్‌గా లెక్కేస్తారు! నిన్న పుట్టిన బండికి అరవై ఏళ్ల పైబడిన వయసు. వింతగా ఉన్నా, చట్టంలోనే స్పష్టంగా రాసి పెట్టారు. 

ఆ 500 సంఖ్య వెనక లెక్క గమనించండి. రాష్ట్రంలో కోట్ల వాహనాలున్నాయి. అందులో ఏడాదికి 500 బండ్లు పాత పొగ వదిలినా గాలికి పెద్ద తేడా రాదు, కానీ 500 మంది చేతిపని బతుకుతుంది. హద్దు పెట్టి వదిలేయడం, హద్దు లేకుండా నిషేధించడం కంటే తెలివైన పని అని నా అభిప్రాయం. ఇబ్బంది ఏమిటంటే జనవరి మొదటి పనిదినం నుంచే పోటీ. కొన్ని సంవత్సరాల్లో మొదటి రోజే కోటా ఖాళీ అయిన సందర్భాలున్నాయి. సినిమా బెనిఫిట్ షో టికెట్ల కథే.

ఇక్కడే అడ్డదారులు పుట్టుకొస్తాయి. పాత 1965 ఫోర్డ్ కాగితం ఒకటి సంపాదించి, ‘ఇది ఆ కారే’ అని రాయించుకోవడం ఒకటి. బండి విలువ తక్కువ చూపి పన్ను ఎగ్గొట్టడం ఇంకొకటి. సేల్స్ ట్యాక్స్ లేని మోంటానాలో పేరుకి ఒక కంపెనీ పెట్టి, దాని పేరు మీద నంబరు తెచ్చుకుని కాలిఫోర్నియాలో తిరగడం మరొకటి. ‘అందరూ చేస్తారు బ్రో’ అనేవాళ్లు మీకూ తగులుతారు. వాళ్లు పౌరులై ఉండొచ్చు. మీరు హెచ్1బీ మీదో, గ్రీన్‌కార్డు క్యూలోనో ఉన్నారు. ప్రభుత్వ ఫారం మీద తెలిసి తెలిసి తప్పు రాసి సంతకం పెట్టడం వాళ్లకి జరిమానాతో పోతే పోవచ్చు, మీకు ఇమిగ్రేషన్ ఫైలులో తేలొచ్చు. వారాంతపు సరదా కోసం పదేళ్ల క్యూని పణంగా పెట్టకండి. పైగా ప్రమాదం జరిగితే, కాగితంలో ఉన్న కారు ఒకటి, రోడ్డు మీద ఉన్నది ఇంకొకటి అని బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది. నిజం చెప్పి టైటిల్ తెచ్చుకున్నవాళ్లకి ఇలాంటి బండ్లకి ముందే విలువ ఒప్పుకుని పాలసీ ఇచ్చే బీమా కంపెనీలు అక్కడున్నాయి.

కంపెనీలకే ఐదేళ్లు పట్టింది

‘ఇంత తతంగం ఎందుకు, తయారైన రెప్లికానే కొనుక్కుంటాం’ అనుకుంటున్నారా? 2015 డిసెంబరులో అమెరికా కాంగ్రెస్ చేసిన రవాణా చట్టంలో దానికీ ఒక వెసులుబాటు పెట్టారు. ఏడాదికి 5,000కి మించి వాహనాలు తయారుచేయని చిన్న కంపెనీలు, కనీసం 25 ఏళ్ల కిందటి కార్ల నకళ్లని అమెరికాలో ఏటా 325 వరకు అమ్ముకోవచ్చు. ఇంజిన్ మాత్రం ఇప్పటి పొగ ప్రమాణాలకి తగ్గదై ఉండాలి. చట్టం వచ్చింది కానీ, దాన్ని అమలు చేసే నియమాలు రాయడానికి రహదారి భద్రతా సంస్థ 2021 దాకా తాత్సారం చేసింది. మధ్యలో 2019లో విడిభాగాల పరిశ్రమ సంఘం సెమా కోర్టుకి కూడా వెళ్లింది. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ సినిమాలో కనిపించే డెలోరియన్‌ని మళ్లీ తయారుచేస్తామన్న టెక్సస్ కంపెనీ అన్నేళ్లూ ఎదురుచూస్తూనే ఉంది. చట్టసభ ఒప్పుకున్నాక కూడా ఇంత ఆలస్యం. ఇక ఒంటరి మనిషి ఎంత ఓపిక పట్టాలో ఊహించుకోండి. 

బ్రిటన్ దారి వేరు, నాకు అదే ఎక్కువ శుభ్రంగా అనిపిస్తుంది. అక్కడ ఇంట్లో కారు కట్టుకోవడం పాత అలవాటు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని పన్ను తప్పించుకోవడానికే చాలామంది విడిభాగాలుగా కొన్నారు. 1996లో రాన్ ఛాంపియన్ అనే టీచర్ 250 పౌండ్లలో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలా అని పుస్తకమే రాశాడు. ఇప్పుడక్కడ ఇలాంటి ప్రతి బండీ ‘ఐవీఏ’ అనే వ్యక్తిగత వాహన పరీక్ష దాటాలి. బ్రేకులు, స్టీరింగ్, సీటు బెల్టులు, లైట్లు, శబ్దం, చివరికి బయటికి పొడుచుకొచ్చిన అంచుల గుండ్రం కూడా కొలుస్తారు. తగిలితే పాదచారికి కోసుకుపోకూడదని ఆ అంచుల వ్యాసార్ధం కనీసం 2.5 మిల్లీమీటర్లు ఉండాలంటారు. భాగాల వయసు, మూలం సరిగా తేలకపోతే నంబరు ‘క్యూ’ అక్షరంతో మొదలవుతుంది. చూడగానే ఎవరికైనా తెలుస్తుంది, ఈ బండి పుట్టుక తికమక అని. అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది. అయినా రోడ్డు మీద తిరగనిస్తారు.

మరి మన దగ్గర?

ముందే చెప్పేస్తా. ఈరోజు హైదరాబాద్‌లోనో విశాఖలోనో మీరు సొంతంగా కట్టిన కారుకి నంబరు రాదు. ఆర్టీఏ అధికారి కఠినాత్ముడై కాదు, ఆయన ముందున్న ఫారంలో మీకు గడి లేదు.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ ప్రదేశంలో నడపకూడదు. రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తుతోపాటు ఫారం 21 అమ్మకం ధ్రువపత్రం, ఫారం 22 రోడ్డు యోగ్యతా పత్రం కావాలి. ఫారం 22 ఇచ్చేది తయారీదారు. తయారీదారు అది ఇవ్వాలంటే, కేంద్ర నియమాల్లో 126 ప్రకారం ఆ మోడల్ నమూనాని పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్షించి ఆమోదం పొందాలి. వేల బండ్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు ఒక్కో బండి మీద నామమాత్రం. ఒకే ఒక్క బండి కట్టినవాడికి అది బండి కంటే ఎక్కువ. క్రాష్ పరీక్షకి ఇవ్వడానికి రెండో బండి ఏదీ?

‘అయితే పాత సివిక్‌కి ఫైబర్ బాడీ తొడిగి ఫెరారీలా చేస్తా, ఆర్‌సీ ఎలాగూ ఉందిగా’ అంటారేమో. సెక్షన్ 52 అడ్డొస్తుంది. తయారీదారు చెప్పిన వివరాలకి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్, ఎలక్ట్రిక్ కిట్ బిగించుకోవడం వేరే సంగతి, వాటికి దారి ఉంది. 2021లో వింటేజ్ వాహనాలకి ‘వీఏ’ వరస నంబర్లు తెచ్చారు కానీ అవి 50 ఏళ్లు దాటిన అసలు బండ్లకే. నకలుకి పనికిరావు.

2021 చివర్లో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో ఒక కమ్మరి పాత ఇనుముతో చిన్న జీపు కట్టిన వీడియో మీకు గుర్తుండే ఉంటుంది. ఆనంద్ మహీంద్రా మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూనే, నిబంధనలకి సరిపోదు కాబట్టి అధికారులు ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఆపేస్తారని కూడా రాశారు. బదులుగా బొలెరో ఇస్తామన్నారు, 2022 జనవరిలో ఇచ్చారు. జీపు కంపెనీకి వెళ్లింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ ఆ వీడియో షేర్ చేశాను. తర్వాత ఆలోచిస్తే, దేశంలో ఒక మనిషి చేతిపనికి దొరికిన ఏకైక చట్టబద్ధమైన దారి దాన్ని ఇచ్చేసి ఫ్యాక్టరీ బండి తీసుకోవడం అని అర్థమైంది.

దీన్ని అధికారుల మూర్ఖత్వం అని కొట్టిపారేయలేం. దొంగ బండ్ల ఛాసిస్ నంబర్లు చెరిపి అమ్మే ముఠాలు మన దగ్గర కథలు కావు. గ్రైండర్‌తో కోసి వెల్డింగ్ చేసిన ఫ్రేమ్ గుంతలో పడి విరిగితే, ముందుగా పోయేది పక్కన స్కూటీ మీద వెళ్తున్నవాళ్లు. ఆ బండికి బీమా ఉండదు, బాధితులకి పరిహారం మీరే కట్టుకోవాలి. భయం న్యాయమైనదే. కానీ భయానికి జవాబు పరీక్ష, తలుపు మూసేయడం కాదు.

నిజానికి మన నియమాల్లోనే ఒక మొలక ఉంది. విజయవాడ ఆటోనగర్‌కి ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్‌గా వచ్చిన లారీకి స్థానికంగా బాడీ కడతారు. అలాంటి వాహనాలకి ఫారం 22ఏ ఉంది. మొదటి భాగంలో ఛాసిస్ కంపెనీ సంతకం, రెండో భాగంలో బాడీ కట్టినవాళ్ల సంతకం. అంటే ఒక బండికి ఇద్దరు జవాబుదారులు ఉండొచ్చని మన చట్టం ఏనాడో ఒప్పుకుంది. 2018లో ఇంకో సడలింపు వచ్చింది. యూరప్, జపాన్ ప్రమాణాలు దాటిన కార్లని కంపెనీలు ఏటా 2,500 వరకు ఇక్కడ మళ్లీ పరీక్షించకుండానే దిగుమతి చేసుకోవచ్చు. అంటే సంఖ్యకి హద్దు పెట్టి నిబంధన సడలించడమూ మనకి కొత్త కాదు. ఈ రెండూ కలిపితే, ఏడాదికి దేశం మొత్తం మీద కొన్ని వందల సొంత బండ్లు, ఒక్కోదానికీ విడిగా పరీక్ష, వేగానికీ దూరానికీ పరిమితి, ప్లేట్ మీద వేరే అక్షరం... ఇలాంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. అడిగేవాళ్లు కావాలి. లగ్జరీ కార్ల దిగుమతికి అడిగేవాళ్లున్నారు.

నేను మూడో ఏడాదిలో ఉండగా మా బాహా బగ్గీని పోటీ జరిగే పీతంపుర్‌కి డీసీఎంలో ఎక్కించి తీసుకెళ్లాం. ఒకరోజు టెస్ట్ చేద్దామని కాలేజీ గేటు దాటి రెండొందల మీటర్లు రోడ్డు మీద నడిపితే పట్రోలింగ్ జీపు ఆగింది. ఎస్సై గారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ‘బాగుందిరా, లోపల పెట్టండి’ అన్నారు. జరిమానా రాయలేదు. రాయడానికి బండికి నంబరుండాలి కదా అని నవ్వారు.

కాబట్టి ఇక్కడున్నవాళ్లకి నా సలహా: కట్టండి, కానీ ట్రాక్ కోసం కట్టండి. బాహా, సుప్రా, కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ ఉన్నాయి. అక్కడి సాంకేతిక తనిఖీని మార్కుల కోసం కాకుండా శ్రద్ధగా చదవండి. ఒక బండి నిబంధనలకి సరిపోతుందని కాగితం మీద రుజువు చేసే పనికి హోమోలోగేషన్ అని పేరు. కార్ల కంపెనీల్లో, ఈవీ స్టార్టప్‌ల్లో దానికి ప్రత్యేక విభాగాలుంటాయి. మన మెకానికల్ పిల్లల్లో ఆ మాట విన్నవాళ్లే తక్కువ. క్యాడ్ అందరికీ వచ్చు, ఒక ఏఐఎస్ ప్రమాణం మొదటి నుంచి చివరి దాకా చదివినవాడు క్లాసుకి ఒక్కడు ఉండడు. ఇంటర్వ్యూలో ఆ ఒక్కడు మీరైతే తేడా మీకే తెలుస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి: కిట్ ఆర్డర్ చేసే ముందు మీ రాష్ట్రం మోటారు వాహనాల విభాగం సైట్‌లో ఇంట్లో కట్టిన వాహనాల ఫారం దించుకుని ప్రింట్ తీయండి. అందులో అడిగిన ప్రతి కాగితానికీ ఫైలులో ఒక కవరు పెట్టండి. పని జరుగుతున్నకొద్దీ తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి, ఫ్రేమ్ మీదా ఇంజిన్ మీదా ఉన్న నంబర్లు రంగు వేయకముందే దగ్గరగా తీయండి. బోల్టు కొన్నా బిల్లు దాచండి. కాలిఫోర్నియా అయితే జనవరి మొదటి వారానికి సెలవు ఇప్పుడే పెట్టుకోండి.